సున్నం పని నేర్పండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ అధికారులకు,



పాత ఇల్లు బాగుచేయించుకోవాలంటే ముందు డబ్బుండాలి, తర్వాత వాటాదారులు ఒప్పుకోవాలి, ఆపైన కలప దొరకాలి అనుకుంటాం. అమలాపురం దగ్గర ఉన్న మా మండువా లోగిలి విషయంలో ఈ మూడూ ఎలాగో సమకూడాయి. సమకూడనిదల్లా సున్నం కలపడం తెలిసిన మేస్త్రీ. అందుకే ఈ ఉత్తరం పురావస్తు శాఖకో పర్యాటక శాఖకో కాకుండా మీకు రాస్తున్నాను.

మాది కోట కాదు, దివాణం కాదు. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కినవాళ్లెవరూ అందులో పుట్టలేదు. విజయనగరంలో గురజాడ వారి ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు స్మారకాలుగా నిలిచాయి, నిలవాలి కూడా. మాలాంటి ఇళ్లకు ఆ దారి లేదు, అక్కర్లేదు. వీటిలో పొయ్యి వెలగాలి, బట్టలు ఆరాలి, పిల్లలకు జ్వరాలు రావాలి, పోవాలి. అలా కాపురం సాగాలంటే పెంకు జారినప్పుడు సర్దేవాడు, గోడ పెచ్చులూడినప్పుడు పూసేవాడు పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. గోదావరి జిల్లాల్లో ఈ ఇళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతుంటే, పిల్లలు అమెరికా వెళ్లిపోయారు, ఎవరికీ శ్రద్ధ లేదు అంటారు. అది సగం మాట. శ్రద్ధ ఉండి, డబ్బు చేతిలో పట్టుకుని తిరిగినవాళ్లకు కూడా పనిమంతులు దొరకడం లేదు.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ ఇళ్లు మనం ఊహించుకునేటంత పురాతనమైనవి కావు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. సముద్రం మీద బర్మా నుంచి టేకు దిగింది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టిన పెంకుల ఫ్యాక్టరీతో మొదలై, మిషను మీద అచ్చొత్తిన పెంకులు దక్షిణదేశమంతా పాకాయి. మా ముత్తాతగారు కట్టించిన ఇంట్లో దూలాలు పరదేశానివి, పెంకులు పడమటి తీరపు పద్ధతివి, వీధి అరుగు మీది ఇనప కటకటాలు ఏ ఊరివో తెలియదు. ఆయన కాలానికి అది కొత్త ఫ్యాషను ఇల్లే. కాబట్టి ఆ ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టే ఉంచాలి అనే వాదన నాకు రుచించదు. పెద్దవాళ్లు రాత్రిపూట పెరట్లోకి వెళ్లలేరు. పడకగదికి ఆనుకుని బాత్రూము కావాలి. ఫ్రిజ్జుకీ గీజరుకీ కరెంటు కావాలి. వీటిని కాదన్న ఇంట్లో ఎవరూ ఉండరు, ఎవరూ ఉండని ఇల్లు చెదపురుగులదే.

మరి పాత ఇంటి స్వభావాన్ని నిలపడమంటే ఏమిటి? చాలామంది దృష్టిలో అది స్తంభాలు, చెక్కడపు గుమ్మాలు, అరుగులు. అవి కావాలంటే ఇల్లు నిలపనక్కర్లేదు, కొనుక్కోవచ్చు. కారైక్కుడిలో పడగొట్టిన చెట్టినాడు ఇళ్ల స్తంభాలూ తలుపులూ అమ్మే దుకాణాలు వీధి పొడుగునా ఉన్నాయి. మన దగ్గరా ఆ బేరం జోరుగానే సాగుతోంది. హైదరాబాదు శివారు ఫామ్‌హౌసుల్లోనూ భోజన హోటళ్లలోనూ కోనసీమ ద్వారబంధాలు గోడకి ఆనించి కనబడుతున్నాయి, వాటిలోంచి ఎవరూ ఎటూ వెళ్లరు. కంటికి కనిపించేది అమ్ముడుపోతుంది. ఇల్లు ఎండనీ వాననీ చెమ్మనీ ఎలా తట్టుకుంటుందన్నది మాత్రం ఎవరూ లారీకి ఎత్తలేరు. నా లెక్కలో ఇంటి స్వభావం అంటే అదే.

మా లోగిలినే తీసుకోండి. నాలుగు పక్కలా కప్పు లోపలికి వాలి ఉంటుంది. నడిమధ్య మండువాకి పైన ఆకాశమే. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ మండువాలోకి దూకి, తూము గుండా పెరట్లోకి పోతాయి. ఎండాకాలం ఇంట్లో వేడెక్కిన గాలి పైకి లేచి అక్కణ్నించే వెళ్లిపోతుంది, దాని చోటులోకి వీధి వైపు నుంచీ పెరటి వైపు నుంచీ గాలి వస్తుంది. వీధి గుమ్మం, నట్టింటి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో పెట్టింది అందుకు. ఈ మధ్య కోనసీమలో ఎటు చూసినా మండువా మీద ప్లాస్టిక్ రేకు కప్పేస్తున్నారు. వాన పడదు, దుమ్ము రాదు, నిజమే. వేడి గాలి కూడా పోదు. ఆ తర్వాత ఏసీ పెడతారు, ఆ తర్వాత పాత ఇళ్లు ఉక్కపోస్తాయంటారు. కోతుల బాధకి ఇనప జాలీ వేసుకోండి, మేమూ వేసుకున్నాం. గాలికి జాలీ అడ్డం కాదు.

అంతకన్నా ఘోరం పంపకాల గోడ. అన్నదమ్ములు విడిపోయి మండువా మధ్యకి గోడ లేపిన ఇళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఉన్నాయి. తూము ఒకరి వాటాలోకి పోతుంది. వాన వచ్చినప్పుడల్లా రెండోవారి వాటాలో మోకాలి లోతు నీళ్లు. వ్యాజ్యం కోర్టులో నడుస్తుండగా గోడ నానుతుంది, నానిన గోడ తీర్పు కోసం ఆగదు. మా ఇంట్లో గోడ లేవకపోవడానికి కారణం మా మేనత్తలు. ఈ రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. వాటా ఉన్నవాళ్లకు మాట ఉంటుంది. ఇల్లు గదులుగా పంచుకోవడం కాదు, ఏ పండక్కి ఎవరు ఉంటారో పంచుకోండి అని మా చిన్నత్త తేల్చేసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. గోడలు.

మా గోడలు మూరన్నర మందం. ఇటుక, గానుగ సున్నం. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీరు. పునాదిలోంచి చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోతుంది. పూత కొన్నేళ్లకి పొడిపొడిగా రాలుతుంది, మళ్లీ పూస్తారు. పండక్కి వెల్ల వేయడమన్నది అలంకారం ఒక్కటే కాదు, ఏటా చేసే మరమ్మతు అది. 1996 నవంబరు తుపాను మా పెంకుల్ని సగానికి సగం ఎగరగొట్టింది. దూలాలు కదల్లేదు. మళ్లీ పెంకు వేయిస్తూ, పనిలో పనిగా గోడల అడుగున రాలుతున్న సున్నం చూసి నాన్నగారు మూడడుగుల ఎత్తున చుట్టూ సిమెంటు చేయించారు. ఆ రోజుల్లో ఏ ఇంజనీరునడిగినా అదే చెప్పేవాడు. ఆ తర్వాత ఇంకొకాయన సలహా మీద నేలకి టైల్స్ పరిచారు, గోడలకి ప్లాస్టిక్ రంగు వేశారు.

సిమెంటులోంచి నీరు ఆరదు. నేలలోంచి దారి మూసుకుపోయిన చెమ్మ గోడల్లోకే చేరింది. గోడలో సిమెంటు ఉన్నంత మేరా ఆరే దారి లేక, దాన్ని దాటి పైకెక్కి కిటికీ గూళ్ల దగ్గర తేలింది. చెమ్మతో పాటు ఉప్పు వస్తుంది. నీరు ఆరిన చోట ఉప్పు గడ్డకట్టి ఇటుకని లోపలి నుంచి పొడి చేస్తుంది. పైన సిమెంటు నున్నగా, గట్టిగా, ఏ పగులూ లేకుండా ఉంది. ఒక మూల సుత్తితో కొట్టి చూస్తే వెనక ఇటుక చేత్తో రాల్చుకునేలా ఉంది. దూలం గోడలో కూర్చున్న చోట, అంటే కంటికి కనిపించని మూరెడు మేర, టేకు కూడా నానింది. బర్మా టేకుకి చెద పట్టదని మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్లు. నానితే దానికీ పుచ్చు పడుతుంది.

మేం మొదట పిలిచిన కాంట్రాక్టరు, ఊరూ పేరూ అనవసరం, గోడలు చూసి ఆయుర్దాయం అయిపోయిందన్నాడు. పడగొట్టి పిల్లర్లు లేపి స్లాబు వేద్దాం, ముందు వైపు ఈ స్తంభాలే పెట్టి పాత లుక్కు తెద్దాం అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశం లేదు, ఆయనకి తెలిసిన పని అదే. కానీ అదే తుపాను తర్వాత భయపడి స్లాబు వేయించుకున్న మా బంధువుల ఇళ్లు చూశాను. సముద్రపు గాలికి చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, స్లాబు అడుగున పెచ్చులు ఊడి మంచాల మీద పడుతున్నాయి. ముప్పయ్యేళ్లు కాలేదు.

వెతగ్గా వెతగ్గా దొరికింది గుడి పనులు చేసే ఒక పెద్ద మేస్త్రీ. డెబ్బయ్యో పడిలో ఉన్నారు. గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడి, ‘గోడన్నాక నీళ్లు తాగుద్దండి అమ్మాయిగారూ. తాగింది కక్కుకోనివ్వాలి. మీరేమో మూతి కట్టేశారండి’ అన్నారు. నేను తర్వాత చదివిన ఇంజనీరింగు పుస్తకాల్లో ఇదే సంగతి పేజీలకొద్దీ ఉంది, ఇంతకంటే స్పష్టంగా లేదు.

ఆయన చెప్పినట్టు సిమెంటు ఉలితో జాగ్రత్తగా ఊడదీసి, టైల్స్ తీసేసి, ఒక వేసవి అంతా గోడలు అలాగే ఆరబెట్టాం. వచ్చినవాళ్లందరూ పని ఆగిపోయిందనుకున్నారు. ఆ ఎండలే సగం వైద్యం చేశాయి. ఈలోగా సున్నం. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాల్చి తెచ్చిన రాళ్లు తొట్టిలో నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి విచ్చిపోతాయి. దాన్ని వడకట్టి, నీళ్ల కింద ఎన్నాళ్లు మాగనిస్తే అంత వెన్నలా వస్తుంది. ఇసుక, ఇటుకపొడి కలిపి రుబ్బుతారు. ఎద్దులు తిరిగే గానుగ ఇప్పుడెక్కడిది, కరెంటు మోటారుతో తిరిగే రుబ్బుడు మిషను పెట్టాం. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు ఎంతెంత పోయాలో ఆయన కొలిచి పోయరు. తాపీమీద ముద్ద ఎలా జారుతుందో చూసి ఆపమంటారు. (మా ఊరివాళ్లందరూ అడిగిన ప్రశ్న ఒకటే, కోడిగుడ్లు ఎన్ని పోశారని. చెట్టినాడు పద్ధతిలో అద్దంలా మెరిసే ఆఖరి పూతకి గుడ్డుసొన వాడతారు. గోడంతా గుడ్లతో కట్టారన్నది కథ.) పూత పలచగా వేయాలి, ఒక వరస బిగిసేదాకా ఆగి రెండో వరస వేయాలి, ఎండ తగలకుండా తడిగోనెలు కట్టాలి. సిమెంటు నీటితో బిగుస్తుంది, సున్నం గాలితో బిగుస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. తొందరపెడితే నెర్రెలిస్తుంది. ఆ ఓపిక ఏ పుస్తకంలోంచీ రాదు, పక్కన నిలబడి తాపీ పట్టుకుంటేనే వస్తుంది.

ఆయన పక్కన నిలబడినవాళ్లెవరూ లేరు, అదీ నా బాధ. కొడుకులిద్దరిలో ఒకరు ఆటో నడుపుతున్నారు, ఇంకొకరు గల్ఫ్‌లో సెంట్రింగు పని. వాళ్లని తప్పుపట్టలేం. ఏడాదికి రెండు గుళ్ల పని నమ్ముకుని సంసారం ఎలా నడుస్తుంది?

మీరు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. ఇలాంటి ఇళ్లు ఎన్ని మిగిలాయి, ఎంతమందికి పని దొరుకుతుంది? మండువా లోగిళ్లు మాత్రమే లెక్కేస్తే తక్కువే. కానీ ఈ దేశంలో సిమెంటు ఫ్యాక్టరీ నిలదొక్కుకున్నది 1914లో, పోర్‌బందర్‌లో. అది ఊళ్లకి చేరేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంతకు ముందు కట్టిన పక్కా కట్టడమల్లా సున్నంతోనో మట్టితోనో కట్టిందే. కాలువల మీది పాత బంగళాలు, మిషను బళ్లు, చర్చీలు, దర్గాలు, గుళ్లు, తాలూకా కచేరీలు, పట్టణాల్లో మద్రాసు మిద్దెలు. వాటికి ఇవాళ మరమ్మతు పేరుతో జరుగుతున్నది మా నాన్నగారు మూడడుగుల మేర చేయించిన పనే, ఇంకా పెద్ద ఎత్తున. రాయలసీమలో చౌడుమట్టి మిద్దెల కథ వేరు, దానికి సున్నం మేస్త్రీ కాదు, ఆ మట్టి ఎరిగినవాడు కావాలి. అయినా జబ్బు ఒకటే, చేతులు తప్పిపోతున్నాయి.

సరుకుకి కరువు లేదు. పల్నాడులో పిడుగురాళ్ల ఉంది, సున్నానికి దేశంలోనే పేరున్న ఊరు. ప్రమాణాలు లేవన్న సాకూ చెల్లదు. కట్టుబడి సున్నానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 712 ఉంది, సున్నపు పూత ఎలా వేయాలో చెప్పే ఐఎస్ 2394 ఉంది. మన రాష్ట్రంలో ఇంజనీర్లు ఎంతమంది వాటిని తెరిచి చూస్తారో గానీ, అవి ఉన్నాయి.

అందుచేత నేను అడిగేది కొత్త శాఖ కాదు, కొత్త చట్టం కాదు. ఐటీఐల్లో మేసన్ ట్రేడు ఇప్పటికే ఉంది. దాని పాఠాల్లో సున్నానికి ఒకటో రెండో పేజీలు ఉన్నా సరే, అవి చేతికి అలవాటు కావు. గోదావరి జిల్లాల్లో ఒకటి, పల్నాడులో ఒకటి, రెండే రెండు చోట్ల ఆ ట్రేడు పూర్తిచేసిన పిల్లలకి ఆర్నెల్లు సున్నం పని నేర్పించండి. తరగతి గదిలో కాదు, నిజంగా పడిపోబోతున్న గోడ దగ్గర. నేర్పేవాళ్లకి డిగ్రీ ఉండాలని పట్టుబట్టకండి. చదువు లేకుండా పని వచ్చినవాళ్లకి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు, ఆర్‌పీఎల్ అంటారు, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది కదా. మా పెద్ద మేస్త్రీ లాంటివాళ్లకి అది ఇప్పించి, ఉపాధ్యాయుల జీతమిచ్చి కూర్చోబెట్టండి. వాళ్లు కూర్చోగలిగేది ఇంకో ఐదారేళ్లు. వడ్రంగం కూడా కలపండి. నానిన దూలం మొదలు మాత్రమే కోసి మంచి టేకు ముక్క అతికే పని తెలిసినవాడు మాకు దొరక్క, రెండు దూలాలకి ఇనప పట్టీలు వేయాల్సి వచ్చింది.

పాండిచ్చేరి ఏమంత దూరం కాదు. అక్కడ తమిళుల పేటలో వైశ్యాల్ వీధి ఇళ్లని పాత కట్టడాల పరిరక్షణ సంస్థ ఇంటాక్ వాళ్లూ స్థానిక ప్రభుత్వమూ ఇంటివాళ్లూ కలిసి, ఐరోపా సంఘం వారి ఆసియా అర్బ్స్ పథకం సాయంతో వరసగా బాగుచేసుకున్నారు. యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. నేను మెచ్చుకునేది పురస్కారాన్ని కాదు. ఒక వీధి మొత్తం పని ఒకేసారి దొరికితే మేస్త్రీలకి చెయ్యి తిరుగుతుంది, అది ఆ వీధితో ఆగదు.

కోర్సు పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. పాత ఇల్లంటే అది పూజామందిరమని పిల్లలకి నేర్పకండి. ఏది మార్చొచ్చో తెలియాలి. మేం బాత్రూములు రెండు కట్టుకున్నాం. పాత గోడ కొట్టకుండా, పెరటి వసారా చివర దాని కాళ్ల మీద అది నిలబడేలా, పాత గోడకి వేలెడు ఎడంగా. కరెంటు వైర్ల కోసం సున్నపు గోడల్లో గాళ్లు కొట్టనివ్వలేదు, గొట్టాలు గోడ పైనుంచే పోతాయి, కనబడితే కనబడనీ. చీకటి గదుల కప్పులో అక్కడక్కడ గాజు పెంకులు వేశాం, పగటిపూట దీపం అక్కర్లేకుండా పోయింది. నేలకి మళ్లీ గచ్చు. వంటగదిలో మాత్రం గ్రానైటు బల్ల, దాని గురించి ఎవరూ నాతో వాదించలేరు. వాస్తు చూసినాయన వంటిల్లు ఆగ్నేయానికి జరపమన్నారు. నూరేళ్లుగా ఆ వంటింట్లో వండిన పెళ్లి భోజనాలు తిని ఎవరికీ ఏమీ కాలేదని మా చిన్నత్త ఆయనకి కాఫీ ఇచ్చి పంపేసింది.

చివరిగా, ఉత్త సలహా చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో పడమటి వసారా గోడా, దాన్ని ఆనుకున్న ధాన్యపు కొట్టూ కావాలనే ముట్టుకోకుండా ఉంచాం. సిమెంటు ఇంకా వాటి మీదే ఉంది. మీరు మొదటి బ్యాచి పిల్లల్ని పంపితే ఊడదీయడం దగ్గర్నుంచి ఆఖరి వెల్ల దాకా అంతా వాళ్ల చేత్తోనే జరుగుతుంది. సున్నం, ఇసుక, ఇటుకపొడి మావి. భోజనం మాది, పడుకోవడానికి సావిట్లో చోటుంది. పెద్ద మేస్త్రీగారు వస్తామన్నారు, నడుం నొప్పి కాబట్టి కుర్చీ వేయాలి. గోడ ఆరడానికి ఎండాకాలం కావాలి కనుక ఊడదీసే పని సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టాలి. సున్నం అంతకు ముందే, కార్తీకంలోనే తొట్టిలో పడాలి. మీ జవాబు దసరాలోపు వస్తే పిడుగురాళ్లకి రాళ్ల కోసం కబురు పెడతాను.

ఇట్లు,
కోనసీమలో ఒక పెంకుటింటి వాటాదారు